ఏ డిపో మెరుగు?

దారి మధ్యలో బస్సు ఆగిపోతే ప్రయాణికులు ఏమంటారు? "ఈ డిపోలో మరమ్మతులు సరిగా చెయ్యరు" అంటారు. ఈ మాట నిజమో కాదో తేల్చడమెలా? రండి, లెక్కవేసి చూద్దాం.

హైదరాబాదు సంస్థానంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ బస్సు రవాణా మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సులను కడిగి, బ్రేకులు, టైర్లు, ఇంజను ఆయిలు పరీక్షించి మళ్ళీ దారికి పంపేవి డిపోలే.

బస్సులు ఎక్కువ తిరిగితే బ్రేక్‌డౌన్లూ ఎక్కువే ఉంటాయి కదా! అందుకే పదివేల కిలోమీటర్లకు ఎన్ని బ్రేక్‌డౌన్లు జరిగాయో లెక్కిస్తారు.

రెండు డిపోలను ఊహించుకోండి. రెండింటి బస్సులూ 10 లక్షల కిలోమీటర్లు తిరిగాయి. 'క' డిపోలో 130 బ్రేక్‌డౌన్లు, అంటే పదివేలకు 1.3. 'ఖ' డిపోలో 256, అంటే పదివేలకు 2.56. 'క' డిపోయే మెరుగని తీర్పు చెబుతారా? తొందరపడకండి! ఏ దారిలో తిరిగాయో చూడండి.

మైదానంలో:
'క' – 9 లక్షల కి.మీ., 90 బ్రేక్‌డౌన్లు, పదివేలకు 1.
'ఖ' – 2 లక్షల కి.మీ., 16 బ్రేక్‌డౌన్లు, పదివేలకు 0.8.

ఘాట్ రోడ్డులో:
'క' – 1 లక్ష కి.మీ., 40 బ్రేక్‌డౌన్లు, పదివేలకు 4.
'ఖ' – 8 లక్షల కి.మీ., 240 బ్రేక్‌డౌన్లు, పదివేలకు 3.

చూశారా వింత! రెండు దారుల్లోనూ 'ఖ' డిపోయే మెరుగు. మొత్తం కలిపితే మాత్రం అదే వెనుకబడింది! కారణమేమిటి? కొండ ఎక్కేటప్పుడు ఇంజను తక్కువ గేరులో శ్రమపడుతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. 'ఖ' బస్సులు ఎక్కువగా తిరిగింది ఆ కష్టమైన దారిలోనే.

బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో ఈ చిక్కును వివరించాడు. అందుకే దీన్ని 'సింప్సన్ విరోధాభాస' అంటారు.

మరి న్యాయంగా పోల్చడమెలా? రెండు డిపోలకూ దారులను సమానంగా పంచినట్లు లెక్కవేయండి. సగం మైదానం, సగం ఘాట్ అనుకుంటే 'క'కు 2.5, 'ఖ'కు 1.9 వస్తాయి. ఇప్పుడు నిజం బయటపడింది!

ఇది కేవలం అంకెల ఆట కాదు. మొదటి లెక్కనే నమ్మితే బాగా పనిచేసిన మెకానిక్కులకు నింద మిగులుతుంది. అంతేకాదు, 'క' డిపో పద్ధతులే మంచివని కొండదారి బస్సులకు వాటినే అమలు చేస్తే, ఆ బస్సులు మరింత తరచుగా ఆగిపోతాయి. ఘాట్ మలుపులో బ్రేకు చెడితే ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు కదా!

ఇక మీకొక పని. రెండు పాఠశాలల ఉత్తీర్ణత శాతాలను పోల్చిన వార్త కనబడితే, దానిని నమ్మేముందు ఏ ప్రశ్నలు అడుగుతారు? కాగితం తీసుకొని రాయండి.