కరవది నుంచి శ్రీరంగానికి

బ్యాండు మేళంలో పొడుగాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ వాయించే మనిషిని మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ వాయిద్యం పేరు ట్రాంబోన్. వేణువుకున్నట్టు దానికి రంధ్రాలుండవు. గొట్టాన్ని ముందుకు జరిపితే స్వరం దిగుతుంది, వెనక్కి లాగితే ఎక్కుతుంది. చెయ్యి ఆగవలసిన చోట్లు ఏడు. అక్కడ గీత గానీ గుర్తు గానీ ఉండదు. సరిగ్గా ఆగామో లేదో చెవే చెప్పాలి.

జాజ్ అనే అమెరికా సంగీతంలో ట్రాంబోన్‌కు పెద్దపీట వేయించినవాడు జె.జె. జాన్సన్. 1924లో ఇండియానాపోలిస్‌లో పుట్టాడు. 1940లలో బెబాప్ అనే మహావేగమైన పద్ధతి వచ్చింది. గొట్టం జరుపుతూ ఆ వేగాన్ని అందుకోవడం కష్టం. జాన్సన్ అందుకున్నాడు. అంతటివాడూ 1952లో వాయించడం పక్కనపెట్టి, ఒక కర్మాగారంలో యంత్రాల నమూనా చిత్రాలు సరిచూసే ఉద్యోగంలో చేరాడు. రెండేళ్లకు మళ్లీ ట్రాంబోన్ పట్టాడు.

అదే 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో షేక్ చినమౌలానా పుట్టారు. ఆయనదీ ఊపిరితో పలికించే వాయిద్యమే, నాదస్వరం. అది వాళ్లింటి విద్య. తండ్రి దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తెలుగునాట పేరొచ్చింది. పేరొచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆయన మనసు మాత్రం తంజావూరు బాణీ మీద పడింది. టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాయిస్తే రాగం తొందరలేకుండా, రేకు రేకుగా విచ్చుకునేది. అలా వాయించాలని చినమౌలానా తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు.

ఇందులో కష్టం ఎక్కడుందో మనకు బాగా తెలుసు. పాత బళ్లో మొదటి ర్యాంకు, టీసీ తీసుకుని కొత్త బళ్లో చేరగానే వెనక బెంచీ! పైగా భాష వేరు. మనకైతే ఇంట్లో బదిలీ ఆర్డరు వస్తుంది. ఆయనకు ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు.

నాదస్వరంలోనూ వేళ్లాడే రంధ్రాలు ఏడే. ఒక స్వరం నుంచి మరోదానికి ఊగుతూ జారడాన్ని గమకం అంటాం. ట్రాంబోన్‌లో ఆ జారుడు గొట్టం జరిపితే వస్తుంది. నాదస్వరంలో రంధ్రాన్ని సగం మూసి, పీక మీద పెదవుల ఒత్తిడి మార్చి, ఊపిరిని పెంచి తగ్గించి తేవాలి. పుస్తకం చూసి పట్టుబడే పని కాదు. గురువు ఎదురుగా కూర్చోవలసిందే.

చినమౌలానా చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. ఒక తెలుగు ముస్లిం విద్వాంసుడు రంగనాథుడి ఊళ్లో ఉంటూ త్యాగరాజ కీర్తనలు వాయిస్తుంటే, తంజావూరు బాణీకి పుట్టినిల్లయిన తమిళదేశమే ఆయన్ను తనవాడిగా చేసుకుంది. అక్కడ నాదస్వరం నేర్పే ఆశ్రమం కూడా పెట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. మరుసటి ఏడు కన్నుమూశారు. మనవలు కాసిం, బాబు ఆ బాణీలోనే వాయిస్తున్నారు.

పిల్లలూ, మన బస్తర్ పెళ్లిళ్లలో మోహరి వాయిస్తారు కదా, అదీ నాదస్వరానికి చుట్టమే. ఈసారి ఆవపల్లిలో ఆ మేళం వినిపిస్తే దగ్గరగా నిలబడి చూడండి. వాయించే ఆయన ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడో కనిపెట్టి, తరగతిలో చెప్పండి.