మెటాడోర్ పోయి ట్రావెలర్ ఎందుకొచ్చింది?



మన ఊళ్ళల్లో ముసలివాళ్ళని "సంతకి దేని మీద వెళ్ళేవారు?" అని అడిగితే జీపు, లారీ, మెటాడోర్ అంటారు. ఇప్పుడు నాలుగు చక్రాల పెద్ద వ్యాను ఏది కనబడినా కొందరు మెటాడోర్ అనే అంటున్నారు. నిజానికి ఆ పేరు గల బండి తయారీ 2000లోనే ఆగిపోయింది. బండి పోయినా పేరు ఉండిపోయింది అన్నమాట. టెంపో అన్న మాట కూడా అంతే. టెంపో అనేది మొదట ఒక కంపెనీ పేరు. మనవాళ్ళు దాన్ని బండి పేరు చేసేసారు.

ఆ టెంపో కంపెనీ జర్మనీ దేశంలో హాంబర్గ్ అనే ఊళ్ళో ఉండేది. మూడు చక్రాల చిన్న సామాన్ల బండ్లు చేసేది. 1949లో నాలుగు చక్రాల బండి ఒకటి చేసి దానికి మెటాడోర్ అని పేరు పెట్టింది. ఇది స్పెయిన్ దేశపు మాట. అక్కడ గోదాలో ఎద్దుతో పోరాడి దాన్ని చంపేవాడిని మెటాడోర్ అంటారట. మన ఇళ్ళల్లో ఎద్దుకి పండగ రోజు బొట్టు పెట్టి మొక్కుతారు కదా, ఈ అర్థం ముందే తెలిస్తే మా తాత ఆ బండి ఎక్కేవాడు కాదేమో!

మన దేశంలో 1958లో ఫిరోడియా గారు ఆ జర్మనీ కంపెనీతో ఒప్పందం చేసుకుని బజాజ్ టెంపో అనే కంపెనీ పెట్టారు. మొదట బొంబాయిలో మూడు చక్రాల బండి చేశారు. తర్వాత పూనా దగ్గర అకుర్డిలో ఫ్యాక్టరీ కట్టారు. 1969లో మెటాడోర్ వచ్చింది. అప్పటినుంచి 2000 దాకా, అంటే 31 సంవత్సరాలు, దాన్ని చేస్తూనే ఉన్నారు. స్కూలు బండి, పాల బండి, పెళ్ళి బండి, పేషెంటు బండి, శవాన్ని తీసుకెళ్ళే బండి, అన్నీ అదే. ఇదే కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్ అని మారింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అంత బాగా నడిచిన బండిని ఎందుకు మార్చారు?

ముందుగా మెటాడోర్ లో మంచి ఏంటో చెప్పాలి. లేకపోతే అది పాతది కాబట్టి చెడ్డది అనుకుంటారు. దాంట్లో ఇంజిను ముందు ఉంటుంది, ముందు చక్రాలనే తిప్పుతుంది. దీన్ని ఫ్రంట్ వీల్ డ్రైవ్ అంటారు. వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి. దీనివల్ల లాభం ఏంటంటే, ఇంజిను నుంచి వెనక చక్రాల దాకా వెళ్ళే పొడుగాటి ఇనప కడ్డీ అక్కర్లేదు. ఆ కడ్డీని షాఫ్టు అంటారు. లారీ కింద వంగి చూస్తే అది గిరగిరా తిరుగుతూ కనబడుతుంది. (బండి ఆగి ఉన్నప్పుడే వంగండి, అప్పుడు తిరగదు అనుకోండి!) షాఫ్టు లేదు కాబట్టి బండి గచ్చుని కిందికి దించి కట్టొచ్చు. గచ్చు కిందికి ఉంటే పసుపు బస్తా ఎక్కించడం సులువు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కగలదు.

మరి నష్టం ఏంటంటే ఘాటీ రోడ్డు. ఇది బాగా అర్థం కావాలంటే డోలీ మోసేవాళ్ళని చూడండి. కొండ ఎక్కేటప్పుడు డోలీ బరువంతా ఎవరి మీద పడుతుంది? వెనకాల ఉన్నవాడి మీద. ముందువాడికి కర్ర తేలికవుతుంది. బండి కూడా అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రాల మీదకి జారుతుంది. వెనకాల సామాను, మనుషులు నిండా ఉంటే ఇంకా ఎక్కువ జారుతుంది. ముందు చక్రాలు తేలికైపోతాయి. కానీ మెటాడోర్ లో లాగాల్సింది ఆ తేలికైపోయిన చక్రాలే! నేలని గట్టిగా నొక్కని చక్రం బురదలో ఊరికే తిరుగుతుంది, బండి కదలదు. మా ఊళ్ళో ఒక డ్రైవరు తాత ఉన్నాడు. పాడేరు ఘాటీ మీద వర్షంలో మెటాడోర్ ఆగిపోతే వెనక కూర్చున్నవాళ్ళని దించి తోయించేవాడినని చెప్పాడు. ఎందుకు దించాలో అతనికి సైన్సు పాఠంలా తెలియదు, కానీ దించితే ఎక్కుతుందని తెలుసు. వెనక బరువు తగ్గేది, తోసే చేతులు కూడా దొరికేవి.

మైదానంలో మెటాడోర్ రాజు. కొండలో మాత్రం కాదు అని నా అభిప్రాయం.

1987లో అదే కంపెనీ మధ్యప్రదేశ్ లో పీతంపూర్ అనే చోట కొత్త ఫ్యాక్టరీ పెట్టి టెంపో ట్రావెలర్ అనే బండి తెచ్చింది. ఇందులో ఒక తమాషా ఉంది. ట్రావెలర్ రూపం జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్ కంపెనీ వాళ్ళది. వాళ్ళు దాన్ని టీ1 అనేవారు, 1977లో మొదలుపెట్టారు. జర్మనీలో ఈ టీ1 వచ్చింది ఏ బండి స్థానంలోకి అనుకున్నారు? మన మెటాడోర్ అన్నదమ్ముల బండి స్థానంలోకే! ఆ టెంపో కంపెనీ హనొమాగ్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది, అక్కడినుంచి మెర్సిడెస్ చేతికి వెళ్ళింది. బండి మాత్రం పేర్లు మార్చుకుంటూ 1977 దాకా నడిచింది. అంటే ఒకే మార్పు రెండుసార్లు జరిగింది, జర్మనీలో 1977లో, మన దేశంలో పది సంవత్సరాల తర్వాత.

ట్రావెలర్ లో ఇంజిను ముందే ఉంది, కానీ తిప్పేది వెనక చక్రాలని. కొండ ఎక్కేటప్పుడు బరువు ఎటు జారుతుందో ఆ చక్రాలే లాగుతాయి. పైన చెప్పిన డోలీ లెక్కలో ఇప్పుడు బలమైనవాడు వెనక నిలబడ్డాడన్నమాట. కానీ షాఫ్టు మళ్ళీ వచ్చింది. దాంతో గచ్చు పైకి లేచింది, ఎక్కడానికి మెట్టు కావాల్సి వచ్చింది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. పక్కన బొమ్మ వేశాను, చూడండి. ఎర్ర స్కెచ్ పెన్నుతో రంగు వేసినవి లాగే చక్రాలు.

ఇంజిను గురించి కొంచెం. 1982లో బజాజ్ టెంపో వాళ్ళు మెర్సిడెస్ తో ఇంకో ఒప్పందం చేసుకున్నారు, ఓఎం616 అనే డీజిల్ ఇంజిను ఇక్కడ తయారుచేయడానికి. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. డీజిల్ ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. గాలిని సుమారు 20 వంతులు నొక్కేస్తుంది. సైకిలు పంపు కొడితే కింద వేడెక్కుతుంది కదా, అలా నొక్కిన గాలి బాగా వేడెక్కి, అందులో చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అయితే మన లంబసింగి, అరకు చలిలో తెల్లవారుజామున ఇంజిను ఇనుమంతా చల్లగా ఉంటుంది. నొక్కిన వేడిని ఆ ఇనుమే లాగేస్తుంది. అందుకని ప్రతి సిలిండరుకి ఒక చిన్న హీటరు పుల్ల ఉంటుంది. తాళం తిప్పి, ఆ పుల్ల ఎర్రబడేదాకా కాసేపు ఆగి, అప్పుడు స్టార్టు చేయాలి. పాత బండి డ్రైవర్లు తాళం తిప్పి బీడీ వెలిగించుకునేది ఈ లోపలే. ఇప్పటి ట్రావెలర్ లో కామన్ రెయిల్ అనే పద్ధతి వచ్చింది. దీంట్లో డీజిల్ ని చాలా ఎక్కువ ఒత్తిడితో, సన్నగా, ఎప్పుడు ఎంత చిమ్మాలో కంప్యూటరు లెక్క పెట్టి చిమ్ముతుంది. పొగ తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 అనే పొగ నిబంధన వచ్చింది, పాత పద్ధతి ఇంజినుతో ఆ నిబంధన దాటలేరు.

ఇక్కడ మీకు ఒక ప్రశ్న రావాలి. 1987లో మంచి బండి వచ్చేస్తే మెటాడోర్ ని 2000 దాకా ఎందుకు చేశారు? పదమూడేళ్ళు రెండూ పక్కపక్కన అమ్మారు. నాకు తోచింది చెప్తాను. బండి రేకుని పెద్ద పెద్ద ఇనప అచ్చుల్లో పెట్టి నొక్కి ఆ ఆకారం తెస్తారు. అచ్చులు చేయించడానికి చాలా డబ్బు అవుతుంది. ఒకసారి చేయించాక వేల బండ్లు తీస్తేనే గిట్టుతుంది. అచ్చు ఖరీదు ఎప్పుడో తీరిపోయిన బండిని చవకగా అమ్మొచ్చు. కొనేవాడికి కూడా పాత బండి అంటే ధైర్యం, ఎందుకంటే ఏ సంతలో ఆగినా దాన్ని విప్పగలిగే మెకానిక్ దొరుకుతాడు, సామాన్లు దొరుకుతాయి. కొత్త బండి ఎంత మంచిదైనా దారిలో చెడిపోతే ఎవరికి చూపించాలి? మన అమ్మావాళ్ళు కొత్త విత్తనం మొదటి ఏడాది పొలమంతా వెయ్యరు, ఒక మడిలో వేసి చూస్తారు. కొనేవాళ్ళు కూడా అలాగే చూశారు. తర్వాత ట్రాక్స్ జీపుల్లో కూడా ఇదే రకం ఇంజిను రావడంతో మెకానిక్ లకి అలవాటైపోయింది.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అంబులెన్సు.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. అప్పుడు ఆంధ్ర, తెలంగాణ ఒకటే రాష్ట్రం. ఆ బండ్లలో ట్రావెలర్లు చాలా ఉండేవి. ఎందుకు ట్రావెలర్? లోపల మనిషి నిలబడగలడు. ఇది చిన్న సంగతి అనుకోకండి. మెటాడోర్ లో పెద్దవాళ్ళు వంగి నడవాల్సిందే. కాన్పు నొప్పులతో ఉన్న అక్కని పడుకోబెట్టి, సెలైన్ సీసా పైన తగిలించి, పక్కన నడుము వంచి నిలబడి ఎంతసేపు చూడగలరు? సెలైన్ ఎత్తులో ఉంటేనే కిందికి దిగుతుంది. పైకప్పు ఎత్తుగా ఉంటే సీసా ఎత్తులో ఉంటుంది, సిబ్బంది నిటారుగా నిలబడి రెండు చేతులూ వాడొచ్చు. అంబులెన్సులు మనుషుల్ని ఆసుపత్రికి మోసే బండ్లే కాదు, దారిలోనే వైద్యం మొదలుపెట్టే గదులు అయ్యాయి. ఆ మార్పు రేకు ఆకారంలో ఉంది, అదే నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

మరి గచ్చు ఎత్తు సంగతి? వెనక చక్రాల బండి కాబట్టి గచ్చు ఎత్తు అని చెప్పాను కదా. దానికే కాళ్ళు మడిచే చక్రాల స్ట్రెచరు. లోపలికి తోస్తుంటే కాళ్ళు వాటంతట అవే మడుచుకుంటాయి. సిమెంటు నేల మీద అది భలే పని చేస్తుంది. కానీ డోలీ దిగేచోట సిమెంటు నేల ఉండదు. రాళ్ళు, బురద, గెడ్డ ఇసుక. చక్రాలు దిగబడతాయి. అప్పుడు నలుగురు కలిసి స్ట్రెచరుని చేతులతో ఎత్తాల్సిందే, అప్పటికే రెండు మూడు కొండలు డోలీ మోసి వచ్చిన చేతులతో. మెటాడోర్ కింది గచ్చు గుర్తొచ్చేది అక్కడే.

పెద్ద వ్యానుకి ఇంకో ఇబ్బంది, మలుపు. బండి పొడుగు పెరిగేకొద్దీ తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న మట్టి రోడ్డు మీద ట్రావెలర్ తిరగలేదు. అందుకే 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో ఫీడర్ అంబులెన్సులు అని, రోగిని తీసుకొచ్చే ఏర్పాటు ఉన్న మోటారు సైకిళ్ళు పెట్టారు. బైకు వ్యాను దాకా తెస్తుంది, వ్యాను ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. బైకు కూడా పోలేని ఊళ్ళకి డోలీయే. బండి డిజైను మూడుసార్లు మారినా డోలీ డిజైను మారలేదు, ఒక కర్ర, ఒక దుప్పటి లేదా బుట్ట, ఇద్దరు మనుషులు. దీన్ని మార్చాల్సింది బండి కంపెనీ కాదు, రోడ్డు వేసేవాళ్ళు. రోడ్డు ఎంత దూరం వస్తే కొత్త బండి అంత దూరమే కొత్తది.

మూడుసార్లు అన్నాను కదా, మూడోది అర్బేనియా. ఇది కూడా ఫోర్స్ మోటార్స్ వాళ్ళదే, 2022లో వచ్చింది. దీంట్లో కింద చట్రం, పైన డబ్బా అని వేరువేరుగా ఉండవు. గుడ్డు పెంకులాగా మొత్తం ఒకే గుల్ల, అదే బలం. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. డ్రైవరుకీ పక్కవాళ్ళకీ ఎయిర్ బ్యాగులు. ఇంకా ఈఎస్పీ అని ఒకటుంది. మలుపులో బండి పక్కకి జారబోతే అదే కనిపెట్టి, ఏ చక్రానికి బ్రేకు వెయ్యాలో ఆ ఒక్క చక్రానికే వేసి దారిలో పెడుతుంది. డ్రైవరు నాలుగు చక్రాలకీ కలిపి ఒకే పెడలు తొక్కగలడు, ఇది విడివిడిగా తొక్కుతుంది! ఘాటీలకి కావాల్సింది ఇదే. అయినా దిగేటప్పుడు బ్రేకునే నమ్ముకోకూడదని డ్రైవరు తాత అంటాడు. తక్కువ గేరులో దిగాలి, అప్పుడు ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు ఆగకుండా తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది, అది పాత బండి అయినా కొత్త బండి అయినా.

అర్బేనియా వచ్చినా ట్రావెలర్ ని ఆపలేదు, రెండూ అమ్ముతున్నారు. మళ్ళీ అదే కథ. జర్మనీలో టీ1 1995లో ఆగిపోయి దాని స్థానంలో స్ప్రింటర్ వచ్చింది. మన దగ్గర మాత్రం ఆ టీ1 ఆకారం ఇంకా తిరుగుతూనే ఉంది. మన స్కూలు ముందు రోడ్డు మీద ఒక్క గంట నిలబడితే కనిపిస్తుంది. ముక్కు పొట్టిగా, పైకప్పు ఎత్తుగా, పక్కన పొడుగాటి అద్దాలు. ఈసారి కనిపిస్తే వెనక తలుపు కింద గచ్చు మీ నడుముకి ఎంత ఎత్తులో ఉందో చూసి, ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి. వచ్చే నెల పత్రికలో వేస్తాం.

9వ తరగతి, బాలికల విభాగం