కలిసి నేర్చుకుంటేనే కలిసి పని

నర్సులు ఒక కాలేజీలో, డాక్టర్లు మరొక కాలేజీలో చదువుతారు. చాలాసార్లు రోగి మంచం దగ్గరే మొదటిసారి కలుస్తారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని వేళ ఒకరి మాట ఒకరికి అందకపోతే తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే వేర్వేరు వృత్తుల వారు చదువుకునే రోజుల్లోనే కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది.

ఏమి నేర్చుకోవాలి?

1. రోగి ఎవరు, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, ఏం కావాలి అన్నది క్లుప్తంగా చెప్పడం.
2. నోటితో చెప్పిన మందు పేరు, మోతాదు విన్నవారు తిరిగి పలకడం.
3. అనుమానం వస్తే చిన్నవారు భయపడకుండా అడగడం, పెద్దవారు విసుక్కోకుండా వినడం.

మన ప్రాంతంలో ఇది మరీ అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, కరీంనగర్ జిల్లాలో 80కి పైగా కాన్పులు ఆపరేషన్లే. సహజ కాన్పులు పెంచడానికి 2017లో రాష్ట్రంలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నర్సు ఎంతవరకు చూడాలి, డాక్టరును ఎప్పుడు పిలవాలి అన్నది ఇద్దరికీ ముందే తెలిసి ఉంటేనే ఆ శిక్షణ ఫలిస్తుంది.

ఆదిలాబాద్ గూడెం నుండి వచ్చిన, గోండి మాత్రమే తెలిసిన తల్లి బాధను వెంట వచ్చిన ఆశా కార్యకర్తే చెప్పగలదు. ఆమె మాటా వినాలి.

మీరూ ఈ జట్టులో వారే. పడని మందులుంటే ముందే చెప్పండి. "ఈ సూది దేనికి సిస్టర్?" అని అడగడానికి మొహమాటపడకండి.