7.4 చెరువు ఒడ్డున సెయిలింగ్ క్లబ్: ఇరుగుపొరుగుతో కలిసి ప్రణాళిక

పార్కులు, ఆటస్థలాల ప్రణాళిక గురించి ఇంతకుముందు చదివారు. ఇప్పుడు కాస్త చిక్కైన ఉదాహరణ చూద్దాం. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు తిరగడం మీలో కొందరు చూసే ఉంటారు. ఇంజను లేకుండా గాలి బలంతోనే నడిచే ఈ పడవల కోసం అక్కడ సెయిలింగ్ క్లబ్బులు ఉన్నాయి. అలాంటి ఒక క్లబ్బుకు మీరే కార్యదర్శి అనుకోండి. రాబోయే పదేళ్ళకు ప్రణాళిక రాయమని సభ్యులు అడిగారు. ఎక్కడ మొదలుపెడతారు?

చాలామంది భవనంతో మొదలుపెడతారు. కొత్త హాలు, క్యాంటీను, పడవల షెడ్డు అంటూ జాబితా పెరుగుతుంది. కానీ క్లబ్బును నిలబెట్టేవి గాలి, నీరు, ఒడ్డు. ఈ మూడింటిలో ఏదీ క్లబ్బు సొంతం కాదు. కాబట్టి ప్రణాళిక గోడ బయటి నుంచి మొదలు కావాలి.

ముందు గాలి సంగతి. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ పడమటి గాలి నిలకడగా వీస్తుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు సాధారణంగా జులైలో జరగడానికి కారణం ఇదే. గాలికి ఎదురుగా ఎత్తైన భవనం లేస్తే దాని వెనుక గాలి చెదిరిపోతుంది. ఆ ప్రభావం భవనం ఎత్తుకు పదింతలకు పైగా దూరం ఉంటుంది. అంటే 30 మీటర్ల భవనం వెనుక కనీసం 300 మీటర్ల మేర పడవ తడబడుతుందన్నమాట. కనుక పడమటి వైపు నెక్లెస్ రోడ్డు పక్కన ఏం కట్టబోతున్నారో క్లబ్బుకు ముందే తెలియాలి. అభ్యంతరం చెప్పాల్సిన సమయం దాటాక తెలిసి లాభం లేదు.

నీరు ఇంకా పెద్ద సమస్య. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన ఈ చెరువు ఒకప్పుడు తాగునీరు ఇచ్చింది. తర్వాత కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నగరపు మురుగును, వ్యర్థాలను ఇందులోకి మోశాయి. పడవ తిరగబడితే పిల్లవాడు పడేది ఆ నీళ్ళలోనే. ఎగువ బస్తీల్లో మురుగు కాలువలు బాగుపడకుండా క్లబ్బు ఒక్కటే ఒడ్డును శుభ్రం చేసుకుంటే ఫలితం ఉండదు.

ఒడ్డు విషయంలో చట్టం కొంత తేల్చి చెబుతుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్ల బఫర్‌లో కట్టడాలు కూడవని 2012 భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. సభ్యులు అడిగిన కొత్త హాలు ఆ గీత లోపల పడుతుందేమో ముందుగా కొలిపించుకోవాలి. నిజానికి పడవలకు పెద్ద కట్టడం అక్కర్లేదు. లేజర్ పడవ పొడవు నాలుగు మీటర్ల పైచిలుకే. చక్రాల ట్రాలీ మీద ఎక్కించి ఇద్దరు నీటిలోకి దించవచ్చు.

ఇక మనుషులు. అసలు చిక్కు ఇక్కడే. మంచి గాలి ఉండే నెలల్లోనే గణేశ్ నిమజ్జనం వస్తుంది. ఆ రోజుల్లో చెరువు భక్తులది. దాన్ని మార్చాలని చూసే ప్రణాళిక పుట్టకముందే చస్తుంది. క్యాలెండరును వాళ్ళతో కలిసి వేసుకుంటే పోటీలు ముందుకు జరుపుకోవచ్చు. విగ్రహాల ఇనుప చట్రాలు నీటి అడుగున మిగిలిపోకుండా తీయించమని ముందుగానే అడగవచ్చు. తక్కువ లోతులో అవి పడవ అడుగు పలకకు తగులుతాయి. విహార పడవల వాళ్ళతోనూ ఇలాంటి ఒప్పందమే కావాలి: ఎవరి దారి ఏది, ఏ వేళల్లో?

బస్తీ పిల్లల మాట అన్నిటికన్నా ముఖ్యం. గేటు దగ్గర కాపలా ఉంటే క్లబ్బు వాళ్ళకు 'డబ్బున్నోళ్ళ చోటు'గానే మిగులుతుంది. రేపు స్థలం లీజు పొడిగింపు వచ్చినప్పుడు వాళ్ళ తరఫు కార్పొరేటర్ ఎందుకు నోరు విప్పుతారు? పేద కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చి జాతీయ పోటీల దాకా పంపిన అనుభవం హైదరాబాదులోనే ఉంది. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ రెండున్నర మీటర్లు కూడా ఉండదు, ఒక్కరే నడుపుతారు. అడ్డు వచ్చేది పడవ ఖర్చు మాత్రమే కాదు, 'మా వాడికి నీటిగండం ఉందండీ' అనే తల్లి భయం. ఆమెను ఒడ్డుకు పిలిచి, లైఫ్ జాకెట్ వేసుకున్న పిల్లవాడు తిరగబడిన పడవను మళ్ళీ నిలబెట్టడం చూపించండి. ఖర్చు లేని ఈ పని చాలా ప్రణాళికల్లో కనిపించదు.

ఎన్ని ఉచిత సీట్లు, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్నకు మాత్రం సభ్యుల్లో గొడవ తప్పదు. చందా కడుతున్నవాళ్ళు ఆదివారం పడవలు తమకే కావాలంటారు, అది అన్యాయమూ కాదు. పిల్లలకు శనివారం ఉదయం కేటాయించి, ఆ ఒప్పందాన్ని రాతలో పెట్టి, ఏడాది తర్వాత మళ్ళీ చూడండి. మాట మీద నడిచే ఏర్పాటు కార్యదర్శి మారగానే పోతుంది.

అభ్యాసం: మీ ఊరి చెరువునో, దగ్గరి జలాశయాన్నో ఎంచుకోండి. ఏడాదిలో ఏ నెలలో ఎవరు దాన్ని వాడుకుంటున్నారో (చేపలు పట్టేవారు, రైతులు, చాకలివారు, పండుగలకు వచ్చేవారు) పట్టికగా రాయండి. అక్కడ పడవల క్లబ్బు పెడితే మొదట ఎవరి ఇంటికి వెళ్ళి మాట్లాడతారో, వారు ఏమని అడగవచ్చో 15 వాక్యాలలో రాయండి.