కారంచేడు జనాభా: లెక్కకెక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు

ఒక గ్రామం గురించి రాయమంటే మన విద్యార్థులు ముందుగా జనాభా లెక్కల పుస్తకం తెరుస్తారు. తప్పేం లేదు. ఇళ్లెన్ని, ఆడా మగా ఎందరు, చదువొచ్చినవాళ్లెందరు, రైతులెందరు, కూలీలెందరు అన్నీ అందులో ఉంటాయి. కానీ కారంచేడు లాంటి ఊరు ఆ పట్టికకు అందదని మా అభిప్రాయం.

కారంచేడు చీరాల పక్కనున్న కృష్ణా డెల్టా ఊరు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. భూమీ పెత్తనమూ కమ్మ భూస్వాములవి, రెక్కల కష్టం మాదిగలది, మాలలది. 1985 జూలై 16న, తాము తాగే చెరువు నీళ్లను మురికి చేస్తుంటే మాదిగలు అడ్డుచెప్పారు. మర్నాడే మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊరు పోమన్నారు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ ఉద్యమం లేచింది. వాళ్లకోసం చీరాల దగ్గర విజయనగర్ కాలనీ వెలిసింది. సుప్రీం కోర్టు తీర్పు మాత్రం 2008లో గాని రాలేదు!

జనగణన మనిషిని ఉన్నచోట లెక్కిస్తుంది. అంచేత కాలనీవాళ్లు కారంచేడు పట్టికలో కనబడరు. పల్లెలో ఇళ్లు తగ్గాయని అంకె చెప్తుంది, ఎందుకు తగ్గాయో చెప్పదు. కరువొచ్చి వలసపోయినా, కత్తులకు భయపడి పోయినా దానికి ఒకటే.

ఉన్నవాళ్ల లెక్కా సరిగా లేదు. గ్రామ పట్టికలో ఎస్సీలందరికీ కలిపి ఒకటే గడి. దాడి మాదిగల మీద జరిగిందన్న సంగతే అందులో మాయం. కూలీలు ఇంతమంది అని ఉంటుంది గాని వాళ్లలో ఎస్సీలెందరో ఉండదు. ఇక మతం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. అందుకే ఆదివారం చర్చికెళ్లే మనిషి కాగితాల మీద హిందువుగా ఉండిపోవడం కోస్తా పల్లెల్లో మామూలే. దాన్ని మోసమనేవాళ్లు ఆ ఉత్తర్వు ఒకసారి చదవాలి.

రాబోయే 2027 జనగణనలో కులాలన్నిటినీ లెక్కిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. మంచిదే. అయినా కులం లెక్క ఒక్కటే ఊరు విడిచిపోయినవాళ్ల కథ చెప్పదు. ఊళ్లను అధ్యయనం చేసే మన టీచర్లు, విద్యార్థులు తమ ఫారంలో ఇంకో గడి గీసుకోవాలి: ఈ పల్లె విడిచిపోయిన ఇళ్లెన్ని, ఏ సంవత్సరం, ఎవరి భయంతో? కారంచేడు విషయంలో ఈ ప్రశ్నకు జవాబు విజయనగర్ కాలనీలోనే దొరుకుతుంది.