పులికాటులో చేప ఏల తగ్గినది?

సామన్ చేప సముద్రమున పెరిగి, గుడ్లు పెట్టుటకు నదికి ఎదురీదును. విదేశములలో ఆ చేప క్షీణించుటకు నదులకు అడ్డముగ కట్టిన ఆనకట్టలు ఒక ముఖ్యకారణము. తిరుపతి జిల్లాలోని పులికాటు సరస్సునను చేపయు రొయ్యయు తగ్గినవి. ఇచ్చటను చిక్కు దారియందే కలదు.

రొయ్య నడక సామనునకు విపర్యయము. తల్లి కడలిలో గుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో సరస్సు చేరి, ఉప్పు తగ్గిన నీట కొన్ని నెలలు పెరిగి, మరల కడలికి పోవును. ఈ రాకపోకలకు ముఖద్వారములే వాకిళ్లు. ఉత్తరమున రాయదొరువు, కొండూరుపాలెముల వద్ద అవి ఇసుక మేటలతో పూడుచు వచ్చినవి. అలలు తీరము వెంబడి ఇసుకను తెచ్చుచునే యుండును. దానిని లోపలినుండి నెట్టవలసినది ఏటినీరు. కాళంగిలో ఆ ఉరవడి వానకాలముననే. అరణియారు నీరు కొంత పిచ్చాటూరు జలాశయముననే ఆగును. దీనికి తోడు సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు సరస్సును చీల్చినది. తూములగుండ పారినంతయే నీరు. వేసవిలో ఉత్తరభాగము చాలవరకు ఎండి ఉప్పు పేరును.

చిన్నకన్నుల వలలను నిందించుట సులభము. పిల్లలను పట్టుట నష్టమే, కాదనము. కాని వాకిలి మూసిన యింటికి పిల్లలే రానప్పుడు, వల కన్ను పెద్దదైన నేమి? జాలరులు పూడికతీతను కోరుట అందులకే. తీసిన దారి నిలుచుటకు నీటి ఉరవడియు కావలెను; లేనిచో ఇసుక మరల చేరును.