కొండ ఎక్కే ముందు, దిగే వేళను లెక్కించండి



మలేషియా పటంలో బోర్నియో ద్వీపాన్ని చూడండి. సారవాక్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, బ్రునై దేశపు సరిహద్దుకు సమీపాన, గునుంగ్ ములు జాతీయ ఉద్యానవనం ఉన్నది. 2000వ సంవత్సరంలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించినది. ఈ వనంలో గునుంగ్ అపి అనే కొండ కలదు. మలయ్ భాషలో ‘అపి’ అనగా నిప్పు. అయినప్పటికీ ఇది అగ్నిపర్వతం కాదు, సున్నపురాతి కొండ. దాని వాలుపై పచ్చని చెట్ల నడుమనుండి బూడిదరంగు రాతి సూదులు గుంపుగా పైకి పొడుచుకొని వచ్చి ఉంటాయి. వాటిలో కొన్ని 45 మీటర్ల వరకు ఎత్తు ఉంటాయి. అనగా దాదాపు పదిహేను అంతస్తుల మేడంత. వీటినే ‘పినకిల్స్’ అంటారు.

వీటిని కన్నులారా చూడగల వీక్షణ స్థలం సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్నది. గెంటింగ్ కొండకు వెళ్ళినట్లు ఉదయం అనుకొని మధ్యాహ్నానికి చేరగల చోటు కాదు అది. అక్కడికి రోడ్డు లేదు, కేబుల్ కారు లేదు. కనుక అటువంటి ప్రయాణానికి ప్రణాళిక ఎలా వేసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రాయిని చెక్కిన వాన

ముందుగా ఆ కొండ స్వభావాన్ని గ్రహించాలి. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న కార్బన్ డయాక్సైడును తనలో కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అట్టి నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ములులో ఏడాది పొడుగునా వానలు కురుస్తాయి. లక్షల ఏండ్లుగా కురిసిన వాన రాతిపగుళ్ళ వెంట దిగి, మెత్తని భాగాలను కరిగించి, గట్టి భాగాలను సూదులవలె మిగిల్చినది. మన పూర్వుల నేలయైన ఆంధ్రప్రదేశ్‌లోని బొర్రా గుహలు, బెలుం గుహలు కూడా సున్నపురాతిని నీరు కరిగించుటవలననే ఏర్పడినవి.

ఈ సంగతి సైన్సు పాఠానికే పరిమితం కాదు. మన సంచిలో ఏమి ఉండాలో కూడా ఇదే నిర్ణయిస్తుంది. సున్నపురాతిపై పడిన నీరు నిలువక పగుళ్ళగుండా లోపలికి ఇంకిపోతుంది. అందువలన అంతటి వాన కురిసే కొండపై త్రాగుటకు వాగు దొరకదు! ఒక్కొక్కరు రెండు మూడు లీటర్ల నీరు మోసుకొని పోవలసినదే. కరిగి మిగిలిన రాతి అంచులు కత్తివలె పదునుగా ఉంటాయి. కాబట్టి చేతి తొడుగులు, జారని బూట్లు తప్పనిసరి.

ప్రయాణ క్రమం

ద్వీపకల్ప మలేషియానుండి వెళ్ళేవారు విమానంలో మిరి నగరం చేరి, అక్కడనుండి చిన్న విమానంలో ములు చేరవచ్చు. సారవాక్ మన దేశంలోని రాష్ట్రమే అయినా, దానికి ప్రత్యేక ప్రవేశ నియంత్రణ ఉన్నది. కనుక గుర్తింపు పత్రాలను మరువరాదు.

కొండయాత్రకు మూడు రోజులు పడుతుంది. మొదటి రోజు పొడవాటి పడవలో మెలినావ్ నదిపై ఎగువకు పోవాలి. నీరు తగ్గిన కాలంలో ప్రయాణికులే దిగి పడవను నెట్టవలసి వస్తుంది. పడవ దిగిన తరువాత అడవిలో దాదాపు 9 కిలోమీటర్లు నడిస్తే, నది ఒడ్డున ‘క్యాంప్ 5’ అనే శిబిరం వస్తుంది. రాత్రి బస అక్కడే. అంగడి ఉండదు గనుక బియ్యం, పప్పు మొదలైనవి మనమే తీసుకొనిపోయి వండుకోవాలి. రెండవ రోజు కొండ ఎక్కి దిగాలి. మూడవ రోజు తిరుగు ప్రయాణం.

నీరు, బూట్లు, తొడుగులు గాక, వానకోటు, టార్చిలైటు, జలగలు ప్రాకకుండా పొడవాటి మేజోళ్ళు, గాయాలకు మందు, తేలికైన తిండి ఉంటే చాలును. బరువు పెరిగేకొద్దీ అడుగు భారమవుతుంది.

కాలం లెక్క

ఇక రెండవ రోజు సంగతి శ్రద్ధగా చదవండి. క్యాంప్ 5నుండి వీక్షణ స్థలానికి దారి కేవలం 2.4 కిలోమీటర్లు. ‘ఇంతేనా!’ అని మీరు అనుకోవచ్చు. అయితే ఆ కొద్ది దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. చివరి 400 మీటర్లలో నిచ్చెనలు, తాళ్ళు పట్టుకొని ప్రాకవలసి ఉంటుంది. ఎక్కుటకు మూడు నాలుగు గంటలు పడుతుంది. దిగుటకు అంతకంటె ఎక్కువ, నాలుగైదు గంటలు పడుతుంది. తడిరాతిపై, అలసిన మోకాళ్ళతో, ప్రతి అడుగూ చూచి వేయవలసి ఉండుటే దీనికి కారణం.

ఉదయం ఆరున్నరకు బయలుదేరినవారు పదిన్నరకు పైకి చేరి, అరగంట ఆగి, పదకొండింటికి దిగుట మొదలుపెడితే సాయంత్రం నాలుగింటికి శిబిరం చేరతారు. అక్కడ చీకటి పడేది సుమారు ఆరున్నరకు. కనుక రెండున్నర గంటలు చేతిలో మిగులుతాయి. వాన కురిసినా, ఎవరి కాలు బెణికినా ఆ సమయమే రక్షణ. అదే బృందం మధ్యాహ్నం ఒంటిగంటకు పైకి చేరినదనుకోండి. ఒకటిన్నరకు దిగసాగితే ఆరున్నర అవుతుంది, మిగిలేది శూన్యం. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ప్రాంతాలలో సంధ్యవెలుగు త్వరగా మాయమవుతుంది. చీకటిలో, కత్తులవంటి రాళ్ళ నడుమ నిచ్చెనలు దిగుట ఎంతటి ప్రమాదమో ఊహించండి.

ఈ కారణంచేతనే మార్గదర్శి లేనిదే ఈ కొండ ఎక్కుటకు అనుమతించరు. దారిలో దూరాన్ని తెలిపే గుర్తులు ఉంటాయి. నిర్ణీత వేళకు నిర్ణీత గుర్తును చేరనివారిని మార్గదర్శి వెనుకకు పంపివేస్తాడు. శిఖరం ఇంకా కొద్ది దూరమే కదా అని బ్రతిమాలినా అంగీకరించడు. ఆ క్షణంలో కోపం, దుఃఖం కలుగుట సహజం. అంత ఖర్చుపెట్టి, సముద్రం దాటి వచ్చి, చూడకుండా మరలిపోవడం ఎవరికి ఇష్టం? అందుకే ఆ నిర్ణయాన్ని కొండమీద గాక ఇంటివద్దనే చేసుకోవాలి. ‘ఈ వేళ దాటితే తిరిగి వచ్చెదము’ అని బయలుదేరకముందే అందరూ ఒప్పుకొని ఉండాలి. ఆయాసం, మోకాలినొప్పి ఉన్నవారు సిగ్గుపడి దాచరాదు. ఒకరి ఆలస్యం బృందమంతటికీ ఆలస్యమవుతుంది.

చిన్నపిల్లలకు ఈ ఎక్కుడు తగదు. అయితే ములులో మీరు చూడదగినవి ఎన్నో ఉన్నవి. చెట్లకొమ్మల ఎత్తున కట్టిన 480 మీటర్ల వ్రేలాడు వంతెనపై నడవవచ్చు. సాయంకాలం డీర్ గుహ ఎదుట కూర్చుంటే, వాన లేని రోజున లక్షల గబ్బిలాలు మెలికలు తిరిగే రిబ్బనువలె ఆకాశంలోకి ఎగిరిపోవుట చూడవచ్చు. పినకిల్స్ ఎక్కడికీ పోవు. మీరు పెద్దవారై, కాళ్ళలో బలం కూడిన పిదప వాటిని చూచుటకు వెళ్ళండి.

ఆలోచించి వ్రాయండి

1. సున్నపురాతి కొండపై త్రాగునీరు ఎందుకు దొరకదు?

2. ఒక బృందం ఉదయం 7 గంటలకు బయలుదేరి, నాలుగున్నర గంటలలో పైకి చేరి, అరగంట ఆగినది. దిగుటకు ఐదు గంటలు పట్టినది. శిబిరం చేరినది ఎన్ని గంటలకు? చీకటి పడుటకు ఇంకా ఎంత సమయం ఉన్నది?

3. మీ కుటుంబం వెళ్ళబోయే ఒక ప్రయాణానికి, ఇల్లు చేరవలసిన వేళనుండి వెనుకకు లెక్కిస్తూ, కాలపట్టిక తయారుచేయండి.